ఒకే అచ్చులో పోసిన కార్లు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, వైద్య సౌకర్యాల గురించి పెద్దలు వివరంగా మాట్లాడారు. అమెరికాలో చూసిన విశేషం ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. బస్సు బాడీలు కట్టే వర్క్‌షాపులో ముప్పై రెండేళ్లు రేకుపని చేసినవాణ్ణి. అక్కడికి వెళ్లినా నా కన్ను రేకు మీదే పడింది. అందుచేత నయాగరా జలపాతాన్ని పక్కనపెట్టి, పందెపు కార్ల సంగతి చెబుతాను.

మా అబ్బాయి ఉండేది నార్త్ కరోలినా రాష్ట్రం. అక్కడి విన్‌స్టన్-సేలం ఊళ్లో బౌమన్ గ్రే స్టేడియం ఉంది. ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పావు మైలు బాట. ఆ బాట మీద 1949 నాటి నుంచీ కార్ల పందేలున్నాయి. మైలుకు లోపు చుట్టుకొలత గల ఇటువంటి బాటలను షార్ట్ ట్రాకులంటారు. వాటి మీద పరుగెత్తేవి స్టాక్ కార్లు. షోరూములో ఎవరైనా కొనుక్కోగలిగే మామూలు కారు అని ఆ పేరుకు మొదటి అర్థం.

నాస్కార్ అనే సంస్థ 1948లో ఏర్పడింది. మార్పులు చేయని కార్లకు తొలి పందెం 1949 జూన్ 19న షార్లెట్‌లో, ముప్పావు మైలు మట్టి బాట మీద పెట్టారు. గ్లెన్ డన్నవే నడిపిన ఫోర్డు ముందు వచ్చింది. వెనక స్ప్రింగులు మార్చారని తనిఖీలో తేలడంతో ఆ గెలుపు రద్దు చేసి, లింకన్ కారు నడిపిన జిమ్ రోపర్‌కు ఇచ్చారు. పనివాడి తెలివికీ నియమానికీ పోటీ మొదటి రోజునే మొదలైందన్నమాట.

మాడిఫైడ్ అనే తరగతిలో మాత్రం చేతిపనికి చోటు ఎక్కువ. యుద్ధం తర్వాత 1930ల నాటి ఫోర్డు, షెవర్లే కూపేలు పాత ఇనుము కొట్లలో చవకగా దొరికేవి. వాటిని తెచ్చి, ఫెండర్లు తీసి, పైకప్పు కోసి కిందికి దించి, ఎవరి షెడ్డులో వారు తమకు తోచినట్టు కట్టేవారు. 1970లలో పింటో, వేగా, గ్రెమ్లిన్ వంటి చిన్నకార్ల బాడీలు వచ్చాయి. 1980లో సిరక్యూస్ పందేనికి కెన్నీ వెల్డ్ కట్టిన కారును గ్యారీ బలో నడిపాడు. గాలి ఒత్తిడితోనే కారు నేలను గట్టిగా పట్టుకునేలా బాడీ మలిచాడు. ఆ కారు గెలిచింది. తర్వాత అటువంటిది మళ్లీ రాకుండా నియమాలు బిగించారు.

ఈనాటి సంగతి వేరు. ట్యూబులతో చేసిన చాసిస్‌ను ఏ కొద్ది కంపెనీలో అమ్ముతాయి. లేట్ మోడల్ అనే తరగతిలో బాడీ ముక్కలు ఫైబరువి, ప్లాస్టిక్‌వి తయారుగా వస్తాయి. ముందు దీపాలు, గ్రిల్లు కూడా స్టిక్కర్లే! అవి ఒలిచేస్తే ఏది ఫోర్డో, ఏది షెవర్లేయో చెప్పడం కష్టం. చాలా చోట్ల ఇంజను ఫ్యాక్టరీ నుంచి సీలుతో వస్తుంది, దాన్ని విప్పకూడదు. పెద్ద పందేల్లోనూ 2007లో అన్ని కంపెనీల కార్లకూ ఒకే కొలత అచ్చులు పెట్టారు. 2022 నుంచి చాసిస్ సరఫరా చేసేది ఒకే కంపెనీ. స్టేడియంలో నా పక్కన కూర్చున్న పెద్దాయనను, "ఏది ఎవరి కారో ఎలా పోలుస్తారు?" అని అడిగాను. "రంగు చూసి, నంబరు చూసి. ఒకప్పుడైతే ఆకారమే చెప్పేది" అన్నాడు.

ఇందులో నియమాలు పెట్టినవారిది దుర్బుద్ధి అనలేము. హద్దు లేకపోతే డబ్బున్నవాడే గెలుస్తాడు. నెల జీతం మీద బతుకుతూ శనివారం పందెం ఆడేవాడు తప్పుకోవలసి వస్తుంది. ప్రాణాల సంగతి అంతకన్నా పెద్దది. నారింజరంగు 61 నంబరు కారుతో తొమ్మిదిసార్లు జాతీయ మాడిఫైడ్ చాంపియన్ అయిన రిచీ ఎవాన్స్ 1985లో మార్టిన్స్‌విల్లే బాట మీద ప్రాక్టీసులో మరణించాడు. అటువంటి చావులు చూసినవారు కట్టుదిట్టాలు కోరడం న్యాయమే.

అయితే డ్రైవరును కాపాడేది లోపలి గొట్టాల చట్రం, సీటు, బెల్టులు, ఇంధనపు ట్యాంకు. వాటికి నియమం ఎంత కఠినంగా ఉన్నా మంచిదే. బానెట్టు వంపు, పైకప్పు వాలు, వెనక భాగం తీరు, వీటిలోనైనా కొన్ని కొలతల హద్దులో పనివాడికి స్వేచ్ఛ ఇవ్వవచ్చునని నా అభిప్రాయం. లేకపోతే కేటలాగులో నంబరు చూసి ముక్క తెప్పించి బిగించేవాడు మిగులుతాడు గాని, చదును రేకును సుత్తితో వంపు తిప్పగలిగేవాడు మిగలడు. ఆకారం పోతే ఫొటోలో చూసుకోవచ్చు. చేతి ఒడుపు ఫొటోలో దొరకదు. అది ఒక చేతి నుంచి ఇంకొక చేతికి రావలసిందే.

అక్కడ పాత కూపేలను వెతికి బాగుచేసి, ప్రదర్శనగా నడిపించే అభిమానులున్నారు. వారి పక్కన మనుమలు స్పానర్లు అందిస్తూ నిలబడతారు. మనలో డెంటింగు, వెల్డింగు, గద్దె కుట్టుపని తెలిసిన పెద్దలు ఎందరో ఉన్నారు. ఓపిక ఉన్నప్పుడే ఆ పనులు, కొలతలు, సొంతంగా చేసుకున్న పనిముట్ల వివరాలు పిల్లల చేత రాయించండి. వీలైతే ఒక్కరికైనా చేసి చూపించండి. ఆ వివరాలను మన పత్రికలో వరుసగా వేయవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను.