మాల విప్పిన మరునాడు

(కైరుప్పల శ్రీ వీరభద్రస్వామివారి సన్నిధిలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ వేదికపై నిలుచుటకు నాకు గల అర్హత పాండిత్యం కాదు. ఒకప్పుడు నేను మద్యానికి బానిసను. మూడు పర్యాయాలు అయ్యప్ప దీక్ష స్వీకరించాను. ప్రతిసారీ 41 రోజులు చుక్క ముట్టలేదు. ప్రతిసారీ మాల విప్పిన రాత్రే తాగాను. మండలకాలమంతా నన్ను ‘స్వామీ’ అని పిలిచిన నా కుమార్తె ఆ రాత్రి తలుపు చాటున నిలుచుంది. నా భక్తి బూటకమని బంధువులు అన్నారు. నేనూ అదే నమ్మాను.

చివరకు ఒక మానసిక వైద్యుని ఆశ్రయించాను. ఆయన నన్ను నిందించలేదు. “ఆ 41 రోజులు ఎలా ఉండగలిగారు?” అని మాత్రం అడిగారు. ఆలోచించి చెప్పాను: తెల్లవారకముందే స్నానం, వేళకు భిక్ష, సాయంత్రం తోటి స్వాములతో భజన, ఎవరిపైనా కోపగించరాదన్న నియమం, రాత్రి పెందలకడ నిద్ర. ఆయన చిరునవ్వుతో, “తాగుడు వైపు లాగే శత్రువులు నాలుగు: ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. దీక్ష ఆ నాలుగింటినీ కట్టివేసింది. మాలతోపాటు మీరు ఆ కట్టును కూడా విప్పివేస్తున్నారు” అన్నారు. నా భక్తి బూటకం కాదని, 42వ రోజుకు నా వద్ద ఏర్పాటు లేదని అప్పుడు తెలిసింది. చికిత్స అంటే ఆ ఏర్పాటే.

మొదట, ఏ వేళ, ఏ చోట మనసు జారుతుందో వ్రాసుకొన్నాను. ఆదోని మార్కెట్లో పత్తి అమ్మి, చేతిలో డబ్బుతో ఒంటరిగా తిరిగివచ్చే సాయంత్రమే నాకు గండం. ఇప్పుడు నా భార్య వెంట వస్తుంది. డబ్బు బ్యాంకు ఖాతాకు చేరుతుంది. రెండవది, కోరిక రేగినప్పుడు దానితో వాదించక కాలం గడపడం. అది సాధారణంగా 20, 30 నిమిషాలలో తగ్గుముఖం పడుతుంది. మన ఊరిలో ఉగాది మరునాడు పిడకల సమరం చూడండి. దుమ్ము ఆకాశాన్ని కమ్ముతుంది, కొంతసేపటికి అణగుతుంది, అందరూ విభూతి ధరిస్తారు, తరువాత స్వామివారికి, అమ్మవారికి కల్యాణం. కోరిక కూడా ఆ దుమ్ము వంటిదే. ఆ కొంతసేపు మజ్జిగ తాగుతాను, నడుస్తాను, మిత్రునికి ఫోను చేస్తాను. ఒక పండుగనాడు నేను మళ్లీ జారాను. మరునాడే వైద్యునికి చెప్పాను. దాచిన తప్పు పెరుగుతుంది, చెప్పినది పాఠమవుతుంది.

ఒక హెచ్చరిక. నా తొలి దీక్షలో చేతులు వణికితే స్వామి పరీక్ష అనుకొన్నాను. అది దేవుని ఆగ్రహం కాదు, శరీర ధర్మం. నిత్యం అధికంగా తాగేవారు హఠాత్తుగా మానితే రెండు మూడు రోజులలో మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయం సంభవించవచ్చు. కనుక మాల వేసుకొనే ముందు వైద్యుని సంప్రదించండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో, తాగుడు మానిన బిల్ విల్సన్ అనే వ్యాపారికి మళ్లీ కోరిక రేగింది. ఆయన మద్యశాలకు పోక, చర్చిల జాబితా చూసి ఫోను చేశాడు. తనవంటి మరొక బాధితుని కలవాలన్నాడు. అలా డాక్టర్ బాబ్ స్మిత్ పరిచయమయ్యాడు. వారిద్దరి మాటల నుండే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ పుట్టింది. ఆపదవేళ ఆయనకు తోచిన ద్వారం దైవమందిరానిదే.

దాతలకు నా విన్నపం ఇదే. వారానికి ఒక సాయంత్రం మీ ఊరి ఆలయ మండపంలో ఒక మూల, ఒక దీపం, ఒక చాప ఇవ్వండి. వచ్చినవారి పేరు అడగకండి. మాల విప్పినవాడు ఆ రాత్రి నడిచివెళ్లుటకు మరొక చోటు ఉండాలి.

ఇప్పుడు నా మెడలో మాల లేదు. అయినా నా కుమార్తె అప్పుడప్పుడు ‘స్వామీ’ అని పిలుస్తుంది. సెలవు.