కారణం తెలియని ఫిట్స్ - ఒక తండ్రి అనుభవం

నేను డాక్టర్ని కాను, కంప్యూటర్ల మీద బతికే ఒక కన్సల్టెంటుని. ఈరోజు ఒక తండ్రిగా నేను నేర్చుకున్న నాలుగు మాటలు మీతో పంచుకుందామని వచ్చాను. మందుల సంగతి మాత్రం మీ డాక్టర్ గారినే అడగండి.

మా బాబుకి అప్పుడు రెండున్నరేళ్ళు. ఒక మంగళవారం పొద్దున్న నేను వేరే ఊళ్ళో క్లయింటు ఆఫీసులో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. "ఏమండీ, బాబు కళ్ళు తేలేశాడు, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాడు" అని ఏడుస్తోంది. వెనకాల మా అత్తగారు "తాళాలెక్కడే, తాళాలు!" అని అరుస్తున్నారు. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని మన ఊళ్ళలో నమ్మకం కదా. తాళాలు దొరికాయి, పెట్టారు, తగ్గింది. అంబులెన్స్ వచ్చేసరికి వాడు మగతగా పడుకుని ఉన్నాడు.

జ్వరం లేదు, తలకి దెబ్బ తగల్లేదు. మూడు వారాల తర్వాత మళ్ళీ వచ్చింది. రక్తపరీక్షలు, ఈఈజీ, ఎమ్మారై అన్నీ చేశారు. అన్నీ నార్మల్. "ఎందుకొచ్చిందో తెలియదు" అన్నారు డాక్టర్ గారు.

నిజం చెప్పాలంటే ఫిట్స్ కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. ప్రోగ్రాములో తప్పుంటే ఎక్కడో ఒకచోట దొరకాలి, దొరకలేదంటే సరిగ్గా వెతకలేదని మా వృత్తిలో లెక్క. రాత్రి మూడింటిదాకా ఇంటర్నెట్లో వెతికాను. మా ఆవిడ "కడుపుతో ఉన్నప్పుడు నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగింది. కారణం దొరక్కపోతే ఆ ఖాళీలోకి ముందు వచ్చి కూర్చునేది ఇదిగో, ఈ తప్పు చేశామన్న భావమే.

తర్వాత తెలుసుకున్నదేమిటంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 5 కోట్లమందికి మూర్ఛవ్యాధి ఉంది. వారిలో దాదాపు సగంమందికి కారణం తెలియదు. కానీ సరైన వైద్యం అందితే 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు. అంటే కారణం తెలియకపోయినా వైద్యం ఉంది. ఈఈజీ తీసిన ఆ కాసేపట్లో మెదడు మామూలుగా ఉంటే నార్మల్ అనే వస్తుంది. అంతమాత్రాన జబ్బు లేదనీ కాదు, డాక్టర్లకి చేతకాలేదనీ కాదు. ఇవాళ తెలియనిది రేపు తెలియవచ్చు. ద్రావే సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛని 1978లో గుర్తించారు. దాని వెనక ఉన్న జన్యువు 2001లో గానీ బయటపడలేదు.

ఇక తాళాల సంగతి. చాలా ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ టైము అయిపోతుంది, కీర్తి తాళాలకి దక్కుతుంది! తాళాలతో పెద్ద ప్రమాదం లేదుగానీ, పళ్ళ మధ్య చెంచా పెట్టడం, నీళ్ళు పోయడం మాత్రం చాలా ప్రమాదం. పిల్లవాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. తలకింద మెత్తటిది పెట్టాలి. గట్టిగా పట్టుకుని ఆపకూడదు. గడియారం చూడాలి. మొదటిసారి వచ్చినా, 5 నిమిషాలు దాటినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, ఒకటి తగ్గగానే మళ్ళీ ఇంకోటి వచ్చినా 911కి ఫోన్ చేయాలి.

రెండోది, రాసిపెట్టుకోవడం. ఏ టైముకి వచ్చింది, ఎంతసేపు, ఏ చెయ్యి ముందు కొట్టుకుంది, నిద్ర సరిపోయిందా, మందు పడిందా - ఒక నోటుబుక్కులో రాయండి. ఇంకొకరు పక్కన ఉంటే సెల్ ఫోన్లో వీడియో తీయించండి. ఎందుకంటే డాక్టరు కంటబడే లోపల అంతా అయిపోతుంది.

దీనికి లియా లీ కథే ఉదాహరణ. ఆ పాప 1982లో కాలిఫోర్నియాలోని మెర్సెడ్ లో ఒక మాంగ్ శరణార్థి కుటుంబంలో పుట్టింది. మూడు నెలలప్పుడు ఫిట్స్ మొదలయ్యాయి. మొదట రెండుసార్లు ఆసుపత్రికి చేరేసరికి ఫిట్స్ ఆగిపోయాయి. అమ్మానాన్నలకి ఇంగ్లీషు రాదు, దుబాసీ లేడు. ఛాతీలో ఇన్ఫెక్షన్ అనుకుని పంపేశారు. తర్వాత మందుల మోతాదులు అస్తమానం మారుతుంటే తల్లిదండ్రులకి అర్థం కాలేదు. 1986లో వచ్చిన పెద్ద ఫిట్స్ తర్వాత ఆ పాప మళ్ళీ తెలివిలోకి రాలేదు, 2012లో కన్నుమూసింది. 1997లో ఆన్ ఫాడిమన్ ఈ కథని పుస్తకంగా రాశారు. అక్కడ ప్రేమకి లోటు లేదు, డాక్టర్ల కష్టానికీ లోటు లేదు. ఇద్దరి మధ్యా మాట కుదరలేదు.

మనకి ఇంగ్లీషు వచ్చు కదా అనుకోకండి. మనం ఆఫీసుకెళ్తే పిల్లల్ని చూసుకునేది ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మా నానమ్మలే. అందుకని మా ఫ్రిజ్ మీద తెలుగులో ఒక కాగితం అంటించాం: పక్కకి తిప్పు, గడియారం చూడు, నోట్లో ఏమీ పెట్టకు, 5 నిమిషాలు దాటితే 911. కింద మా ఇంటి అడ్రసు, "తెలుగు" అన్న మాట ఇంగ్లీషులో ఎలా పలకాలో కూడా రాశాం. చాలాచోట్ల 911 వాళ్ళు ఫోన్లోనే దుబాసీని కలుపుతారు.

మూడోది, దాచకపోవడం. మా అత్తగారు మొదట్లో "బాబూ, ఈ సంగతి ఎవరికీ చెప్పకండి, రేపు పెళ్ళికి అడ్డొస్తుంది" అన్నారు. ఆవిడ భయం ఊరికే రాలేదు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఒక అభ్యంతరంగా ఉండేది, 1999లో గానీ తీసెయ్యలేదు. కానీ డేకేర్ టీచరుకి చెప్పకపోతే రేపు వాణ్ణి పక్కకి తిప్పేదెవరు? డాక్టరు సంతకంతో ఏం చెయ్యాలో రాసిన కాగితం వాళ్ళకిచ్చాం. బడికెళ్ళే పిల్లలుంటే, 1973 నాటి చట్టంలోని సెక్షన్ 504 కింద ఏర్పాట్లు చేయమని బడివాళ్ళని అడగవచ్చు. పిల్లవాడి జబ్బుకి సెలవు కావాలంటే, 1993 చట్టం కింద అర్హత ఉన్న ఉద్యోగులకి ఏడాదికి 12 వారాలు జీతం లేని సెలవు దొరుకుతుంది.

మందులు మనంతట మనం ఆపెయ్యకూడదు. స్నానాల తొట్టిలో పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకూడదు. ఇక రాత్రుళ్ళు మేమిద్దరం మేలుకుని మేలుకుని ఒకరినొకరు కసురుకునే దాకా వచ్చాక, వంతులు వేసుకున్నాం. కాపలా కాసేవాళ్ళకి కూడా నిద్ర కావాలి కదండీ.

నాలుగోసారి వచ్చినప్పుడు ఇంట్లో మా అత్తగారు ఒక్కరే ఉన్నారు. నేను ఇంటికి పరుగెత్తుకొచ్చేసరికి బాబు ఆవిడ ఒళ్ళో నిద్రపోతున్నాడు. నోటుబుక్కులో ఆవిడ చేతిరాత: "10 గం. 40 ని. ఎడమచెయ్యి ముందు. 2 నిమిషాలు. పక్కకి తిప్పాను." తాళాలు గోడకున్న మేకుకే వేలాడుతున్నాయి.

ఇప్పటికి 14 నెలలైంది, మళ్ళీ రాలేదు. రాదని ఎవరూ చెప్పలేరు. కారణం ఇంకా తెలియదు. కానీ వస్తే ఏం చెయ్యాలో మా ఇంట్లో అందరికీ తెలుసు.

మీ ఫ్రిజ్ మీద కూడా ఇవాళే ఒక కాగితం అంటించండి. సెలవు.