దేవుని సొత్తు – చట్టం కావలి, మన కావలి
(జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

   

శిఖరంపై నూతన కలశం ప్రకాశిస్తున్న ఈ శుభవేళ దొంగతనం గురించి ప్రసంగించడం ఉచితమా అని మీలో కొందరికి తోచవచ్చు. కానీ ఆలయానికి కొత్త వస్తువులు వచ్చే రోజే పాత వస్తువులు లెక్క తప్పే రోజు కూడా. అందుచేత ఈ మాట నేడే చెప్పడం నా విధి అని భావిస్తున్నాను.

సుమారు పాతికేళ్ల క్రితం మా గ్రామ రామాలయంలో కంచు గంట పోయింది. కొన్నాళ్లకు పోలీసువారు ఒక పాత సామాన్ల కొట్టులో ఒక గంటను పట్టుకుని మమ్మల్ని పిలిపించారు. చూడగానే మా అర్చకులవారి కళ్లు చెమర్చాయి. న్యాయస్థానంలో మాత్రం, "ఈ గంట మీదేననడానికి గుర్తేమిటి?" అని ప్రశ్న వచ్చింది. "దాని నాదమే గుర్తు" అన్నారాయన. నాదాన్ని కాగితం మీద రుజువు చేయడమెలా? గంట మీద పేరు లేదు. మా పుస్తకంలో బరువు లేదు. ఛాయాచిత్రం లేదు. ఆ గంట తిరిగి మా గుడికి రాలేదు. మనకది దేవుని పిలుపు. కొన్నవానికి కిలోల లెక్కన రాగి, తగరం. ఆ రెండింటి మధ్య మన పక్షాన నిలవగలిగినది ఒక చిన్న లిఖిత ఆధారమే. అది మా వద్ద లేకపోయింది.

రాగి విలువ మన ప్రాంతం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. చిలకలపూడి రోల్డు గోల్డు నగలకు లోపలి ఒడలు అటువంటి లోహమే. పొలాల గట్ల మీది ట్రాన్స్‌ఫార్మర్లను పగులగొట్టి, నూనె పారబోసి, రాగి తీగ చుట్టలను ఎత్తుకుపోయే దొంగతనాలు రైతులెరిగినవే. దొంగకు దక్కేది నాలుగు డబ్బులు. ఇవతల వరిచేను ఎండుతుంది, రొయ్యల చెరువులో గాలిమరలు ఆగుతాయి. 2003 నాటి విద్యుత్ చట్టం 136వ సెక్షను ఇటువంటి చౌర్యానికి మూడేళ్ల వరకు శిక్ష విధిస్తున్నది. 137వ సెక్షను ఆ సొత్తును దురుద్దేశంతో పుచ్చుకొన్నవానినీ శిక్షిస్తున్నది. గమనించండి: చట్టం దొంగతో ఆగలేదు, కొన్నవాని వద్దకూ వెళ్లింది. ఏలయన, కొనేవాడు లేనినాడు ఇటువంటి దొంగతనమే లేదు.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోనూ ఇదే న్యాయం. ఆరాధనా స్థలంలోని విగ్రహాన్ని అపహరించడాన్ని 305వ సెక్షను పేరెత్తి చెప్పి, ఏడేళ్ల వరకు శిక్ష నిర్దేశించింది. దొంగసొత్తని తెలిసి గాని, అట్లు నమ్మడానికి కారణముండి గాని, దురుద్దేశంతో పుచ్చుకొన్నవానికి 317వ సెక్షను క్రింద మూడేళ్ల వరకు శిక్ష. అదే వృత్తిగా పెట్టుకున్నవానికి పదేళ్లు, లేదా యావజ్జీవం. నూరేళ్లు దాటిన లోహవిగ్రహాలకు 1972 నాటి పురావస్తు చట్టం క్రింద రిజిస్ట్రేషను కూడా ఉన్నది.

ఇన్ని చట్టాలుండగా ఇంకేమి కొరత? కొరత సాక్ష్యానిది. లోహానికొక గుణమున్నది: కరిగితే పేరు మరచిపోతుంది. 2020 సెప్టెంబరులో విజయవాడ కనకదుర్గమ్మవారి వెండి రథానికుండే నాలుగు సింహాలలో మూడు లేవని బయటపడిన సంగతి మీకందరికీ జ్ఞాపకముండవచ్చు. అవి ఎప్పుడు పోయాయన్నదే మొదట పెద్ద వివాదమైంది. 2021 జనవరిలో పోలీసులు నిందితుని పట్టుకొని, ఆ వెండి తునిలోని ఒక వర్తకునికి అమ్ముడై కరిగిపోయిందని వెల్లడించారు. వెండి దొరకవచ్చు; సింహాలు దొరకవు.

దీనికి మరొక పార్శ్వం చూడండి. తమిళనాడు శ్రీపురంతాన్ ఆలయం నుండి అపహృతమైన నటరాజమూర్తిని 2008లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల కొన్నది. ఆ స్వామి 2014లో స్వదేశానికి తిరిగి వచ్చాడు. పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థవారు ఏనాడో ఆలయంలో తీసి భద్రపరచిన ఛాయాచిత్రాలు అందుకు ఎంతో తోడ్పడినవి. ఒక ఛాయాచిత్రం సముద్రాల కావలి నుండి స్వామిని ఇంటికి తెచ్చింది!

ఇంగ్లండులో చర్చీల కప్పుల మీది సీసపు రేకులను దొంగలు ఒలిచి అమ్ముకోవడం పెద్ద ఉపద్రవమైనది. అక్కడ 2013లో పాత లోహపు వర్తకులకొక చట్టం చేశారు. వర్తకునికి లైసెన్సు ఉండాలి. అమ్మేవాని పేరు, చిరునామా సరిచూసి నమోదు చేయాలి. నగదు ఇవ్వరాదు. పాత సామాన్లు కొనేవారందరూ దోషులు కారు. ఎండలో బండి తోసుకుంటూ కష్టించి బ్రతికేవారే ఎక్కువమంది. ఇటువంటి పద్ధతి ఆ నిజాయితీపరులకే రక్ష. చట్టం చెప్పేదాకా ఆగక, మన వర్తక సోదరులు దీనిని తామే అలవరచుకోవచ్చును.

ఇక మనం చేయవలసినది. జీర్ణోద్ధరణలో పాత ధ్వజస్తంభపు తొడుగులు, కలశాలు, ఉప్పుగాలికి కిలుము పట్టిన దీపపు సెమ్మెలు, పగిలిన గంటలు ఒక మూల గదిలో పోగుపడతాయి. పనివారు వస్తుంటారు, పోతుంటారు; తాళం ఎవరి వద్దనున్నదో ఎవరికీ తెలియదు. కనుక తీసిన ప్రతి వస్తువునూ ఆనాడే తూచి, నాలుగు వైపులా ఛాయాచిత్రం తీసి, పుస్తకమెక్కించాలి. ఇద్దరు సంతకం చేయాలి. మూర్తుల విషయంలో ఆగమం తెలిసిన పెద్దల మాట శిరోధార్యం. పనికిరాని లోహాన్ని అమ్మవలసివస్తే తగిన అనుమతితో, బహిరంగ వేలంలో, రసీదుతో అమ్మాలి. కొత్త గంట మీద ఊరి పేరు, సంవత్సరం, బరువు చెక్కించాలి. ఏటా ఉత్సవానికి ముందు పుస్తకం తెరచి వస్తువులను సరిచూడాలి.

దాతలారా! మీ పేరు పళ్లెం మీద చెక్కించుకోవడం ఆడంబరమని సంకోచించకండి. ఆ అక్షరాలు రేపు న్యాయస్థానంలో దేవుని పక్షాన సాక్ష్యమిస్తాయి. సొత్తు దొరికితే పూర్వంవలె ఏళ్ల తరబడి ఠాణాలో మగ్గనక్కరలేదు. నాగరిక సురక్షా సంహిత 497వ సెక్షను ప్రకారం, న్యాయస్థానం ముందుంచిన సొత్తుకు 14 రోజులలో వివరపత్రం తయారు చేసి, ఛాయాచిత్రం తీయించాలి. ఆ పిమ్మట 30 రోజులలో దానిని ఎవరికి అప్పగించాలో ఉత్తర్వు చేయాలి. కాని "ఇది మాది" అని చూపే కాగితం మాత్రం మన చేతనుండాలి.

ఆనాడు మా అర్చకులవారు న్యాయస్థానం మెట్లు దిగుతూ, "స్వామికి మనమే సాక్ష్యం చెప్పలేకపోయామయ్యా" అన్నారు. ఆ మాట మరొక ఊరిలో మరొక అర్చకుడు అనకూడదనే ఈ నా విన్నపం. నేడు ప్రతిష్ఠించిన ఈ గంట మన మనుమల చెవులలోనూ మ్రోగుగాక!

స్వస్తి. శుభం భూయాత్.