మన రోగం సంగతి బయటికి పోయేది ఎక్కణ్నుంచి?

(నిజ్వాలో శుక్రవారం జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



వారానికి ఒక్క సెలవు. బట్టలు ఉతుక్కోవాలి, వంట చేసుకోవాలి, ఇంటికి ఫోన్ చేయాలి. అవన్నీ పక్కనబెట్టి బహ్లా నుంచి, ఇజ్కీ నుంచి కూడా వచ్చారు. కాబట్టి సూటిగా విషయానికి వస్తాను.

నాకు కాస్త అరబ్బీ, హిందీ వచ్చు. అందుకని ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా మాట చెప్పడానికి నన్ను తోడు తీసుకెళ్తారు. అలా కొన్నేళ్ల కిందట మా గదిలోని ఒక అన్నతో వెళ్లాను. టిప్పర్ డ్రైవరు. రక్తపరీక్షలో షుగర్ చాలా ఎక్కువుందని తేలింది. సాయంత్రం ఫోర్‌మన్ "ఏమైందంట?" అని అడిగాడు. మంచికే కదా, కొంచెం తేలిక పని ఇస్తాడేమో అనుకుని అంతా చెప్పేశాను. వారం తిరక్కముందే ఆయన్ను బండి దింపి హెల్పర్‌గా వేశారు. ఓవర్‌టైం పోయింది, ఇంటికి పంపే డబ్బు తగ్గింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కానీ మళ్లీ డాక్టరు గడప తొక్కలేదు. కాల్లో మేకు దిగితే గుడ్డ కట్టుకుని పనిలోకి పోయాడు. చివరికి ఆస్పత్రికి మోసుకెళ్లేసరికి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది.

ఆ నష్టంలో నా నోటికీ భాగం ఉంది. ఇవాళ మాట్లాడతానని అడిగింది అందుకే.

మనవాళ్లలో ఒక భయం ఉంది. "ఆస్పత్రిలో చెబితే కంప్యూటర్లోకి ఎక్కుతుంది, అక్కణ్నుంచి అర్బాబ్‌కు తెలుస్తుంది, టికెట్ చేతిలో పెట్టి పంపించేస్తారు" అంటారు. ఈ భయంతోనే బీపీ, షుగర్, దగ్గు అన్నీ దాచుకుంటున్నారు. ఇందులో ఎంత నిజం, ఎంత కాదు అనేది విడదీసి చూద్దాం.

వీసా కోసం చేసే పరీక్ష వేరు, జబ్బుకు చేయించుకునే వైద్యం వేరు. వీసా పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష ఉంటాయి. ఫిట్టా, అన్‌ఫిట్టా అన్న ఫలితం వీసా పని కోసమే కాబట్టి అది కంపెనీ దగ్గర దాగదు. కానీ జ్వరమొచ్చో, నడుము నొప్పొచ్చో, షుగర్‌కో డాక్టరు దగ్గరికి పోయినప్పుడు రాసే రికార్డు వైద్యం కోసం రాసేది. అది కంపెనీ ఆఫీసు కాగితం కాదు.

ఒమాన్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో, హెల్త్ సెంటర్లలో ఆరోగ్య శాఖవారి 'అల్ షిఫా' అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. షిఫా అంటే స్వస్థత. డాక్టరు రాసిన మందు, ల్యాబ్ రిపోర్టు, ఎక్స్‌రే మన నంబరు కింద చేరతాయి. మన ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరుకు మన ఒళ్లు గుర్తుండేది, రాత ఉండేది కాదు. ఇక్కడ డాక్టరు మారినా, భాష రాకపోయినా, పోయినసారి ఏ మందు పడలేదో ఆ రికార్డు చెప్తుంది. స్పృహ లేకుండా తీసుకొచ్చినప్పుడు మన తరఫున మాట్లాడేది అదే.

వ్యక్తిగత సమాచారానికి కాపలాగా చట్టం కూడా ఉంది. రాయల్ డిక్రీ 6/2022 పేరుతో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఫిబ్రవరి 13 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేకంగా చూశారు. దాన్ని వాడుకోవాలంటే రవాణా, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ అనుమతి ఉండాలి. మన సమాచారం కాపీ అడిగే హక్కు, తప్పుంటే దిద్దమని అడిగే హక్కు మనకు ఇచ్చారు.

అంటే కంప్యూటర్లలోంచి ఎప్పుడూ ఏదీ బయటికి పోదని కాదు. 2018లో మన ఆంధ్రప్రదేశ్‌లోనే అన్న సంజీవని దుకాణాల్లో మందులు కొన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ మందు కొన్నారో కూడా ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరికైనా కనబడేలా ఉన్నాయని బయటపడింది. అది దొంగతనం కూడా కాదు, తలుపు తీసిపెట్టడం. కాబట్టి ఆస్పత్రులను, ప్రభుత్వాలను అడగాల్సింది అడుగుదాం. కానీ నేను కళ్లతో చూసినంతవరకు, మన క్యాంపుల్లో రోగం సంగతి బయటికి పోయేది ఎక్కువగా మన చేతులమీదుగానే.

ఒకటి, వాట్సాప్. "ఈ రిపోర్టు ఏంటో ఎవరైనా చెప్పండి" అని గ్రూపులో పెడతాం. అందులో పేరు, నంబరు, జబ్బు అన్నీ ఉంటాయి. ఆ గ్రూపులో క్యాంపు బాసు బావమరిది కూడా ఉంటాడు. అడగాలంటే నమ్మకమున్న ఒక్కరిని అడగండి, పేరున్న చోట వేలు అడ్డంపెట్టి ఫొటో తీయండి.

రెండు, పాస్‌పోర్టు కాపీలు. ఊరి నుంచి బయలుదేరేముందు చేసే మెడికల్, మనం గాంకా అనేది, ఇప్పుడు వాఫిద్ పేరుతో నడుస్తోంది. దాని వెబ్‌సైటులో పాస్‌పోర్టు నంబరు, దేశం పేరు కొడితే చాలు, ఫిట్టో అన్‌ఫిట్టో వచ్చేస్తుంది. మన కాపీలు ఎంతమంది ఏజెంట్ల దగ్గర ఉన్నాయో ఒక్కసారి లెక్కపెట్టుకోండి.

మూడు, బతాకా అరువివ్వడం. ఒకడి కార్డు మీద ఇంకొకడు వైద్యం చేయించుకుంటే వాడి జబ్బు వీడి రికార్డులో పడుతుంది. వీడికి పెన్సిలిన్ పడదు, వాడికి పడుతుంది అనుకోండి, రేపు వీడికి ఏ ఇంజెక్షన్ చేస్తారు? స్నేహం కోసం చేసే ఈ సాయం ప్రాణం మీదికి తెస్తుంది. కార్డు గడువు అయిపోయినవాళ్లు దాక్కోకుండా మన ఫోరంకు చెప్పండి, లేదా మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయానికి చెప్పండి.

నాలుగు, నాలాంటి దుబాసీలు. తోడెళ్లినవాడు విన్న మాట ఆస్పత్రి గేటు దగ్గరే వదిలేయాలి. ఫోర్‌మన్ అడిగితే "ఆయన్నే అడగండి సార్" అనాలి, అంతే. ఆడవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికొచ్చిన అక్కచెల్లెళ్లు యజమానురాలి ఎదుట నోరు విప్పలేరు. డాక్టరుతో ఒంటరిగా మాట్లాడతానని అడగండి. అడగడం తప్పు కాదు.

కంపెనీకి ఏం ఇవ్వాలి అంటారా? సెలవు కాగితం ఇవ్వండి, రిపోర్టుల కట్ట కాదు. 2023 లేబర్ చట్టం కిందికి వచ్చే ఉద్యోగికి జబ్బు సెలవులో మొదటి 21 రోజులు పూర్తి జీతం ఉంది. అయితే ఒక మాట. బండి నడిపేవాళ్లు, ఎత్తుమీద పనిచేసేవాళ్లు కళ్లు తిరుగుతుంటే దాచి పనిచేయకూడదు. అక్కడ మన ప్రాణమే కాదు, పక్కవాడి ప్రాణమూ ఉంది. "ఏ పని చేయొచ్చు, ఏది చేయకూడదు" అని డాక్టరుతోనే రాయించుకోండి. పని గురించి కంపెనీకి తెలియాలి. రోగం పేరు ఊరందరికీ తెలియక్కర్లేదు.

డాక్టరు దగ్గర మాత్రం ఏదీ దాచకండి.

ఆ అన్న ఇప్పుడు జగిత్యాల దగ్గర సొంతూళ్లో ఉంటున్నాడు. ఈ సంగతి ఇక్కడ చెప్పొచ్చా అని పోయిన వారం ఫోన్ చేసి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "చెప్పు తమ్మీ, పేరు మాత్రం చెప్పకు" అన్నాడు. చెప్పను. ఆ రోజు ఫోర్‌మన్ అడిగినప్పుడు కూడా నేను ముందు ఆయన్ను అడగాల్సింది.

సెలవు.