కొడవలి కణముల వ్యాధి: దాచవద్దు, జాగు చేయవద్దు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



వార్షికోత్సవమునాడు ఉత్తీర్ణుల సంఖ్య చెప్పుట, బహుమతులు పొందిన పిల్లలను మెచ్చుకొనుట ఆనవాయితీ. అవన్నియు నివేదికలో ఉన్నవి. నేడు నేను నా తప్పు నొకదానిని మీ యెదుట ఒప్పుకొని, దానివలన నేర్చుకొన్న సంగతి చెప్పదలచితిని.

కొన్ని సంవత్సరముల క్రిందట ఏడవ తరగతిలో ఒక బాలుడుండెను. చదువులో చురుకైనవాడే, కాని నెలకు నాలుగైదు దినములు బడికి రాడు. వచ్చినప్పుడు వ్యాయామమునకు వెనుకాడును. మాటిమాటికి నీళ్లకని, మూత్రమునకని లేచిపోవును. సోమరి యని తలచితిని. ఒక చలికాలపు ఉదయమున ప్రార్థన ముగిసిన పిమ్మట మైదానము చుట్టు పరుగెత్తుమని ఆజ్ఞాపించితిని. రెండవ చుట్టు పూర్తికాకమునుపే వాడు మోకాళ్లు పట్టుకొని కూలబడెను. కబురందుకొని వచ్చిన తల్లి, "సారూ, వానికి సికిల్‌సెల్ ఉన్నది. బడిల తెలిస్తె పోరగాండ్లు నవ్వుతరని, రేపు వాని చెల్లె పెండ్లికి అడ్డమొస్తదని చెప్పలే" అనెను. ఆమె దాచినది, నేను అడుగలేదు. మా యిద్దరి తప్పునకు శిక్ష అనుభవించినవాడు ఆ బిడ్డ.

ఈ వ్యాధి ఏమో ముందు తెలిసికొందము. ఆరోగ్యవంతుని రక్తములోని ఎర్రకణములు గుండ్రముగా, మెత్తగా ఉండి సన్నని నాళములలో సులభముగా సాగిపోవును. ఈ వ్యాధిగలవారిలో కణములు కొడవలి ఆకారము దాల్చి, బిరుసెక్కి, నాళములలో చిక్కుకొనును. రక్తము ఆగిన చోట, ఎముకలలోగాని కీళ్లలోగాని కడుపులోగాని, భరింపరాని నొప్పి పుట్టును. ఆ కణములు త్వరగా నశించుటచే రక్తహీనత కలుగును, కండ్లు పచ్చబడును. ప్లీహము చెడుటచే అంటురోగములు శీఘ్రముగా ముదురును.

దీనిని 1910లో అమెరికా వైద్యుడు జేమ్స్ హెరిక్ మొదట వర్ణించెను. 1952లో నీలగిరులలోని ఆదివాసులలో ఇది గలదని తెలిసినది. విదర్భలో, ముఖ్యముగా మన గడ్చిరోలి జిల్లాలో, ఇది విరివిగా ఉన్నది. ఆదివాసులలోనే కాక ఇతర కులములలోను కలదు. కావున ఒకరిని చూపి మరొకరు నవ్వవలసిన పనిలేదు.

ఇది పాపఫలము కాదు, గాలి సోకుట కాదు, అంటువ్యాధి కాదు. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు దోషబీజములు కలిసినప్పుడే వ్యాధి వచ్చును. ఒక్కటే ఉన్నవారిని వాహకులందురు. వారు సాధారణముగా ఆరోగ్యముగనే ఉందురు. పైగా వాహకులైన పిల్లలకు ప్రాణాంతకమైన మలేరియానుండి కొంత రక్షణ కలదని 1954లో ఆంథొనీ ఆలిసన్ అను శాస్త్రజ్ఞుడు ఆఫ్రికాలో పరిశోధించి తెలిపెను. మలేరియా ఉన్న అడవి ప్రాంతములలో ఈ బీజము తరతరములుగా నిలిచియుండుటకు కారణ మిదియే. కాని వ్యాధి వచ్చినవారికి ఆ రక్షణ లేదు. వారికి మలేరియా మిక్కిలి ప్రమాదకరము. దోమతెర లేనిదే వారు నిద్రింపరాదు.

ఇక ఇంటి కర్తవ్యము. బిడ్డ దప్పిక కాకమునుపే నీళ్లు త్రాగవలెను. మన యెండలలో ఇది మరింత అవసరము; మిరపచేను కూలికి నది దాటి పోవునప్పుడు బిడ్డ వెంట నీళ్ల సీసా తప్పక ఉండవలెను. చలిలో వెచ్చని బట్ట కట్టవలెను. చల్లని ఏటినీటిలో ఎక్కువసేపు ఈదనీయరాదు. ఫోలిక్ ఆమ్లపు మాత్రలు, డాక్టరు వ్రాసియిచ్చినచో హైడ్రాక్సీయూరియా, ఏ దినమును మానరాదు. నొప్పి లేదుగదా యని మందు మానుట, చేను పండినదని కంచె తీసివేయుట వంటిది. ఆ మందు వాడువారు వైద్యుడు చెప్పిన గడువులో రక్తపరీక్ష చేయించుకొనవలెను. టీకాలు అన్నియు వేయించవలెను.

జ్వరము 101 డిగ్రీలకు చేరినచో తెల్లవారువరకు ఆగరాదు. రొమ్మునొప్పి, ఆయాసము, ఉన్నట్టుండి కాలుసేయి పడిపోవుట, మూతి వంకరపోవుట, పొట్ట ఉబ్బి మొగము పాలిపోవుట: వీనిలో ఏ ఒక్కటి కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. కడుపులో బల్ల అని వాతలు పెట్టించుచు దినములు గడపినచో బిడ్డ దక్కదు. సిరొంచనుండి జిల్లా కేంద్రమునకు సుమారు 200 కిలోమీటర్లు. గ్రామీణ ఆసుపత్రికి ఎట్లు పోవలెనో, ఎవరి బండి దొరకునో ముందే నిశ్చయించుకొనుడు. ఆపద వచ్చిన పిమ్మట ఆలోచించుటకు వ్యవధి చాలదు.

బడి కర్తవ్యము మాది. ఆ బిడ్డలు తరగతిలో నీళ్లు త్రాగుటకు, మూత్రమునకు పోవుటకు అనుమతి అడుగ నక్కరలేదు. అలసట తోచినచో ఆటనుండి తప్పుకొనవచ్చును. నొప్పివలన బడికి రానివారి పాఠములు తిరిగి చెప్పబడును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఈ వ్యాధియు చేర్చబడినది. అర్హులైనవారు ధ్రువపత్రమునకు దరఖాస్తు చేసికొనవలెను.

చివరకు పెండ్లి సంగతి. వాహకులైన యిద్దరు వివాహమాడినచో ప్రతి కానుపులోను బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒకపాలు అవకాశము కలదు. జాతకములు చూచుటకు ముందు రక్తపరీక్ష చూచుకొనుడు. ఆ తల్లి భయము నాకు తెలియును. కాని దాచిన కార్డు ఆమె కూతురిని కాపాడదు. రేపు పుట్టబోవు మనుమనిని కష్టపెట్టవచ్చును. 2023 జూలై 1న ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద 40 ఏండ్ల లోపువారు 7 కోట్లమందిని పరీక్షింప సంకల్పించిరి. పరీక్షించి కార్డు ఇచ్చుచున్నారు. సంకోచింపక వెళ్లుడు.

నేను పరుగెత్తించిన ఆ బాలుడు నేడు గోదావరి ఆవల కళాశాలలో చదువుచున్నాడు. వ్యాధి పోలేదు, నొప్పి ఇప్పటికిని ఏడాదికి ఒకటి రెండుమార్లు వచ్చుచునేయున్నది. కాని సంచిలో నీళ్ల సీసా, జేబులో కార్డు ఉన్నవి. తన సంగతి గదిలోని స్నేహితులకు తానే చెప్పియుంచినాడు. మొన్న సెలవులలో కనబడి, "సారూ, ఇప్పుడు పరుగెత్తుమంటే పరుగెత్తను, ఎందుకో చెప్పుత" అని నవ్వెను. నేను తలవంచితిని.

తలిదండ్రులారా! మీ బిడ్డ కార్డు రేపే బడికి తెండు. దానిని చూచి ఎవరైనను నవ్వినచో ఆ నవ్వును మాన్పించు బాధ్యత నాది. సెలవు.