తండ్రి పేరున తల్లి పెంపకం

బరాక్ ఒబామా 1995లో అచ్చయిన తన ఆత్మకథకు ‘డ్రీమ్స్ ఫ్రమ్ మై ఫాదర్’ అని పేరు పెట్టారు. ఊహ తెలిశాక ఆ తండ్రితో ఆయన గడిపింది 1971లో, హొనొలులులో, ఇంచుమించు ఒక నెల. 1982లో తండ్రి నైరోబీలో రోడ్డు ప్రమాదంలో పోయారు. మరి పుస్తకం మొదటి సగంలో కనిపించే ఆ మహామేధావి, ఎవరికీ తలవంచని ఆ ఆఫ్రికా మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడు? చాలావరకు తల్లి ఆన్ డన్హమ్ చెప్పగా వచ్చాడు. జకార్తాలో తెల్లవారుజామున నాలుగింటికి కొడుకుని లేపి ఇంగ్లీషు పాఠాలు చెప్పింది తనే అయినా, తెలివీ నడవడీ మాత్రం నీకు మీ నాన్న నుంచే వచ్చాయనేది. మన ఇళ్ళలో ‘అన్నీ మీ నాన్న పోలికలే’ అంటే సాధారణంగా తిట్టు. ఆమె దాన్ని దీవెనగా వాడింది.

ఇది తీయని అబద్ధం కాదా అని మీరు అడగవచ్చు. కొంతవరకు అవును. హార్వర్డ్ లా స్కూల్లో చేరబోయే ముందు కెన్యా వెళ్ళిన కొడుక్కి తండ్రి తాగుడు, చెడిన ఉద్యోగం, చెదిరిన కాపురాలు ఒక్కొక్కటే తెలిశాయి. అయితే ఆ నిజాన్ని ఆయన రాబట్టిన తీరు చూడండి. నానమ్మ దగ్గర, అక్క దగ్గర కూర్చుని, ఎవరి కథ వాళ్ళను చెప్పనిచ్చి, ఒకరి మాట పక్కన ఇంకొకరి మాట పెట్టి చూశారు. మానవశాస్త్రవేత్త అయిన ఆన్ పని కూడా అదే. జావాలోని కజార్ గ్రామంలో కమ్మరుల మధ్య ఏళ్ళ తరబడి తిరిగి, 1992లో వెయ్యి పేజీలు దాటిన పరిశోధన గ్రంథంతో డాక్టరేట్ తీసుకుంది. నోటితో ఇచ్చిన కథను, పనితో నేర్పిన అలవాటు సరిదిద్దింది. పిల్లలకు అందేవి రెండూను. గట్టిగా నిలిచేది రెండోదని నా అభిప్రాయం.

రాజకీయ నాయకుల ఆత్మకథల్ని ఎంతవరకు నమ్మాలన్న సందేహం న్యాయమైనదే. కొన్ని పాత్రలు పలువురి కలబోత అని, సంఘటనల వరుస మార్చానని రచయితే ఒప్పుకున్నారు. కానీ సొంత గొప్పకోసమే రాస్తే తండ్రి లోపాలన్నీ అచ్చులో పెట్టేవారు కాదు. పదేళ్ళ కొడుకుని హొనొలులులో అమ్మమ్మ, తాతల దగ్గరికి పంపిన తల్లికి ఇంత పేరెందుకన్న ప్రశ్న ఇంకా గట్టిది. బ్యాంకు ఉద్యోగంతో ఇల్లు నడిపిన అమ్మమ్మ మడెలిన్‌కు దక్కాల్సిన వాటా నిజంగానే పెద్దది. అయినా చిత్తుప్రతి చదువుతూ ఆన్ చేసిందేమిటో 2004 ముద్రణ ముందుమాటలో ఉంది: తనను చిత్రించిన తీరు గురించి నోరు మెదపలేదు, మాజీ భర్త మీద పడ్డ నిందలకు మాత్రం సంజాయిషీ చెప్పింది. పుస్తకం వెలువడిన కొద్ది నెలలకే, 1995 నవంబరులో, ఆమె కన్నుమూసింది.