కొత్త వై-ఫై, పాత స్పీకరు

రేడియో సెట్టుకు, నేటి వైర్లు లేని స్పీకరుకు ఒక ముఖ్యమైన భేదము కలదు. రేడియో సెట్టు ఆకాశమున వచ్చు తరంగములను ఎవరి అనుమతియు లేకుండ అందుకొనును. మీట త్రిప్పిన చాలును. స్పీకరు పాటనైనను, వార్తనైనను ఇంటర్నెట్ ద్వారా తెచ్చుకొనవలెను. అందుకు ఇంటిలోని వై-ఫై అను తలుపు తెరచుకొనవలెను. ఆ తలుపునకు తాళపుచెవి కావలెను. తాళము మారిన నాడు గాని ఈ సంగతి మనకు జ్ఞప్తికి రాదు.

ఇంటర్నెట్ కంపెనీని మార్చినప్పుడో, పాత రౌటరు చెడి క్రొత్తది తెచ్చినప్పుడో, పిల్లలు తమ సెల్‌ఫోనులలో కొత్త పాస్‌వర్డు నమోదు చేసికొని పనులకు వెళ్ళిపోవుదురు. మరునాటి ఉదయము ఇంటిలోని పెద్దవారు భక్తిగీతములకో, వార్తలకో స్పీకరును పిలుతురు. అది పలుకదు, పలికినను, ఇంటర్నెట్ దొరకలేదని చెప్పి ఊరకుండును. చూపు మందగించిన వారికి ఆ స్పీకరే పత్రిక, అదియే గడియారము. వారికి కలిగిన లోటు చిన్నది కాదు.

యంత్రము చెడినదని తొందరపడి నిర్ణయింపరాదు. వై-ఫై విషయమున స్పీకరు గుర్తుంచుకొనునవి ముఖ్యముగా రెండు: దాని పేరు, దాని పాస్‌వర్డు. కొత్త రౌటరు కొత్త పేరుతో వచ్చినను, స్పీకరు పాత పేరునే వెదకుచుండును. సెల్‌ఫోనుకు తెర ఉన్నది కనుక కొత్త పేరు చూపి పాస్‌వర్డు అడుగగలదు. తెర లేని స్పీకరు అడుగజాలదు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

దీనికి రెండు మార్గములు కలవు. మొదటిది, స్పీకర్లను కదపక కొత్త రౌటరుకే పాత పేరును, పాత పాస్‌వర్డును పెట్టుట. ఇంగ్లీషు పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు, నడుమ ఖాళీలు సయితము యథాతథముగా ఉండవలెను. భద్రతా పద్ధతియు చూచుకొనవలెను. రౌటరును డబ్ల్యూపీఏ-3 పద్ధతికి మాత్రమే అమర్చినచో, డబ్ల్యూపీఏ-2 వరకే తెలిసిన పాత స్పీకరుకు ప్రవేశము దొరకదు. గదికొక స్పీకరు, వానితోపాటు వై-ఫై దీపములు, కెమెరాలు ఉన్న ఇంటికి ఈ మార్గము ఎంతో శ్రమ తగ్గించును. అయితే పాత పాస్‌వర్డు ఇరుగుపొరుగులందరికి తెలిసినదైనచో దానిని విడుచుటయే మేలు.

రెండవది, స్పీకరుకు కొత్త పేరు నేర్పుట. ముందుగా సెల్‌ఫోనును కొత్త వై-ఫైకి కలిపి, బ్లూటూత్‌ను తెరచి ఉంచవలెను. గూగుల్ స్పీకరైనచో గూగుల్ హోమ్ యాప్‌లో ఆ స్పీకరు సెట్టింగులకు వెళ్ళి, పాత వై-ఫైని మరచునట్లు చేసి, మరల మొదటినుండి అమర్చవలెను. అమెజాన్ ఎకో అయినచో అలెక్సా యాప్‌లోని ఆ పరికరపు సెట్టింగులలో వై-ఫైని మార్చు వీలున్నది. ఏ విధముగను లొంగనిచో, స్పీకరుతో వచ్చిన చిన్న పుస్తకములో చెప్పినట్లు మీట నొక్కిపట్టి రీసెట్ చేయవచ్చును. దానితో పూర్వపు అమరికలన్నియు చెరిగిపోవును గనుక ఇది కడపటి ఉపాయము.

అప్పటికిని కలియనిచో రెండు సంగతులు పరిశీలింపుడు. కొన్ని స్పీకర్లు 2.4 గిగాహెర్ట్జ్ తరంగములనే గ్రహించును. రౌటరులో 5 గిగాహెర్ట్జ్ మాత్రమే తెరచియుంచినచో వానికి ఏమియు కనబడదు. 5 గిగాహెర్ట్జ్‌కు వేగము హెచ్చు, గోడలు దాటు శక్తి తక్కువ. రెండవది, అతిథులకై ఏర్పరచిన వై-ఫైలో ఒక పరికరము మరియొకదానిని చూడకుండ అడ్డు పెట్టుట కలదు. ఫోను, స్పీకరు రెండును ఇంటి వై-ఫైలోనే ఉండవలెను.

వై-ఫై పేరును, పాస్‌వర్డును స్పష్టముగా ఒక కాగితముపై వ్రాసి ఇంటి పత్రములతో భద్రపరచుడు. స్పీకరును ఇతరులకు ఇచ్చునప్పుడు రీసెట్ చేసి ఇండు. కొత్త రౌటరు బిగించిన నాడు సెల్‌ఫోను పనిచేసినదని లేచిపోరాదు. పెద్దవారి గదిలోని స్పీకరు పలికిన పిమ్మటనే ఆ పని ముగిసినట్లు ఎంచవలెను.